అలాయ్స్ కొనేముందు పాత రిమ్ము వెనకాల ఉన్న ఈటీ నంబరు చూసుకోండి, ఆఫ్‌సెట్ లెక్క మొత్తం అక్కడినుంచే మొదలవుద్ది

కారుకి అలాయ్స్ వేయించాలి అనుకోగానే మనందరం ముందు చూసేది డిజైను, తర్వాత సైజు, ఆ తర్వాత రేటు. షాపులో కూడా అంతే అడుగుతారు, ఏ కారు సార్, పదిహేనా పదహారా అని, నట్లు కూర్చుంటే చాలు పెట్టించేసుకోండి అంటారు. రిమ్ము వెనకాల ఈటీ అని రాసి పక్కన ఒక నంబరు ఉంటుంది చూడండి, దాని ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. నేనూ ఎత్తలేదు, అప్పటికి నాకు తెలీదు కూడా.

నాదొక మామూలు హ్యాచ్‌బ్యాక్. కంపెనీ రిమ్ము 15 అంగుళాలు, 5.5జె వెడల్పు, ఈటీ45, దానికి 185/65 ఆర్15 టైర్లు, అంటే టైరు వెడల్పు 185 ఎంఎం, పక్క గోడ ఎత్తు అందులో 65 శాతం, రిమ్ము 15 అంగుళాలు. అది తీసేసి అదే 15 అంగుళాల్లో 7జె వెడల్పు, ఈటీ35 రిమ్ములు, వాటిమీద 195/60 టైర్లు వేయించా. వెనకనుంచి చూస్తే బండి భలే నిండుగా కనపడింది, వారం రోజులు చాలా సంతోషంగా తిరిగాను. తర్వాత ఒక పెళ్ళికని ఐదుగురం ఎక్కి డిక్కీ నిండా సామాను పెట్టుకుని రాజమండ్రి వైపు వెళ్తుంటే, రోడ్డు ఎక్కడ కాస్త దిగినా వెనక కుడిపక్క నుంచి గర్ర్ మని ఒక చప్పుడు. పక్కకి ఆపి టార్చ్ వేసి చూస్తే మడ్‌గార్డు లోపలి అంచు టైరు భుజం మీద చుట్టూ గీత గీసేసింది, వేలు పెడితే తెలిసేంత లోతు. బండిలో చిన్న పిల్లలున్నారు, హైవే మీద ఆ టైరు పేలితే ఏమయ్యేదో ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. అందుకే ఈ లెక్క నేర్చుకున్నాక నా దగ్గరికొచ్చి రిమ్ముల గురించి అడిగిన ప్రతివాళ్ళకీ ముందు ఇదే చెప్తున్నా, ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నా.

ఆఫ్‌సెట్ అంటే ఏంటో ముందు బొమ్మ మనసులో పెట్టుకోండి. రిమ్ముని నిలబెట్టి దాని వెడల్పుని సరిగ్గా సగానికి కోసినట్టు ఒక గీత ఊహించుకోండి, అది మధ్య గీత. ఇప్పుడు రిమ్ము వెనక వైపు హబ్బుకి, అంటే కారు వైపు చక్రం బిగించే గుండ్రటి భాగానికి, ఆనుకునే చదునైన భాగం ఒకటి ఉంటుంది, నట్ల రంధ్రాలు ఉండేది అక్కడే. ఆ చదును భాగం మధ్య గీత నుంచి ఎన్ని ఎంఎం దూరంలో ఉందో అదే ఆఫ్‌సెట్. చదును భాగం సరిగ్గా మధ్య గీత మీదే ఉంటే సున్నా. మధ్య గీత కంటే బయటికి, అంటే మనకి కనపడే ముఖం వైపుకి ఉంటే ప్లస్. మధ్య గీత కంటే లోపలికి, బ్రేకుల వైపుకి ఉంటే మైనస్, పెద్ద గిన్నెలా లోతుగా కనపడే డీప్ డిష్ రిమ్ములు చాలావరకు ఇలాంటివే.

ఇక్కడే చాలామంది తికమక పడతారు, నేనూ పడ్డా. హబ్బు కారుతోపాటు ఉంటుంది, అది కదలదు. చదును భాగం ఎక్కడుంటే చక్రం అక్కడ పట్టుకుంటుంది. కాబట్టి ప్లస్ నంబరు పెరిగేకొద్దీ చక్రం కారు లోపలికి వెళ్తుంది, నంబరు తగ్గేకొద్దీ బయటికి వస్తుంది. ఈటీ45 తీసి ఈటీ35 పెడితే చక్రం మొత్తం 10 ఎంఎం బయటికి జరుగుద్ది. పెద్ద నంబరు లోపలికి, చిన్న నంబరు బయటికి, ఇదొక్కటి గుర్తుంటే మిగతాదంతా కూడికలు తీసివేతలే. ఈటీ అనేది జర్మన్ మాట ఐన్‌ప్రెస్‌టీఫె నుంచి వచ్చింది, అందుకే ఇంగ్లీషులో ఆఫ్‌సెట్ అంటున్నా రిమ్ము మీద మాత్రం ఈటీ అని ఉంటుంది. కొన్ని రిమ్ముల మీద ఇన్‌సెట్ అని గానీ, ఉత్తినే ప్లస్ 45 అని గానీ ఉంటుంది, అన్నీ ఒకటే.

ఇప్పుడు అసలు సంగతి. ఫలానా ఆఫ్‌సెట్ మంచిది, ఫలానాది చెడ్డది అని ఉండదండి. మీ కారుకి కంపెనీ ఇచ్చిన నంబరు ఎంత, కొత్త రిమ్ము నంబరు ఎంత, రెండిటికీ తేడా ఎంత, ఆ తేడాకే అర్థం. జిమ్నీ చూడండి, దాని కంపెనీ రిమ్ము 15 అంగుళాలు, 5.5జె, ఈటీ ప్లస్ 5. జిమ్నీ ఓనరు ఈటీ సున్నా రిమ్ము వేసుకుంటే కంపెనీ కొలతకి 5 ఎంఎం తేడా వచ్చినట్టు, పెద్ద విషయం కాదు. ఫార్చ్యూనర్ 17 అంగుళాల రిమ్ము 7.5జె, ఈటీ30, దానికి ఈటీ సున్నా వేస్తే 30 ఎంఎం బయటికి వచ్చినట్టు. ఇక నా హ్యాచ్‌బ్యాక్ లాంటి ఈటీ45 బండికి సున్నా వేస్తే 45 ఎంఎం, నాలుగున్నర సెంటీమీటర్లు, చక్రం బండికి సంబంధం లేనట్టు బయట నిలబడుద్ది. అదే సున్నా, మూడు బండ్లకి మూడు కథలు. కాబట్టి నెట్‌లో ఎవరో ఈటీ25 వేశా సూపర్‌గా ఉంది అన్నారని మనం కొనేయకూడదు, వాళ్ళ బండి పాత నంబరు ఎంతో అడగాలి.

మీ పాత రిమ్ము నంబరు కనుక్కోవడం తేలికే. కంపెనీ అలాయ్ అయితే స్పోకుల వెనకాలో, హబ్బుకి ఆనే చోటు చుట్టూనో అచ్చు పోసి ఉంటుంది, చక్రం విప్పితే కనపడుద్ది, పంక్చర్ షాపుకి వెళ్ళినప్పుడు రెండు నిమిషాలు అడిగి ఫోన్లో ఫొటో తీసుకోండి. ఇనుప రిమ్ము అయితే ముందు వైపో లోపల వైపో పంచ్ కొట్టి ఉంటుంది, తుప్పు మట్టి ఉంటే వైర్ బ్రష్ వేయాలి. 6జె×15 హెచ్2 ఈటీ45 అని ఉందనుకోండి, 6 అనేది అంగుళాల్లో వెడల్పు, జె అనేది అంచు ఆకారానికి కోడ్, 15 వ్యాసం, హెచ్2 అంటే టైరు అంచు జారిపోకుండా లోపల ఉండే రెండు మిట్టలు, చివరిది మనకి కావాల్సింది.

నంబరు అరిగిపోయిందా, లేక షాపులో ఉన్న రిమ్ము మీద అసలు అచ్చే లేదా, టేపు పెట్టి కొలుచుకోవచ్చు. టైరు లేని రిమ్ముని ముఖం కిందకి పెట్టి పడుకోబెట్టండి, కింద గోనె సంచో అట్టముక్కో వేయండి గీతలు పడకుండా. వెనక అంచు మీద అడ్డంగా ఒక తిన్నని కర్రో ఇనుప స్కేలో పెట్టి, అక్కడినుంచి హబ్బుకి ఆనే చదును దాకా లోతు కొలవండి. తర్వాత రిమ్ము మొత్తం వెడల్పు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా కొలవండి. లోతులోంచి మొత్తం వెడల్పులో సగం తీసేస్తే వచ్చేదే ఆఫ్‌సెట్. 6జె రిమ్ము అంచు నుంచి అంచుకి సుమారు 178 ఎంఎం ఉంటుంది, సగం 89, లోతు 134 వచ్చిందనుకోండి, 134 లోంచి 89 పోతే 45. ఆరు అంగుళాలంటే 152 కదా 178 ఎక్కడిది అని డౌటు రావచ్చు, జె పక్కన రాసే వెడల్పు టైరు కూర్చునే చోట లోపల కొలిచింది, బయటి అంచులు కలిపితే ఇంకో అంగుళం దాకా ఎక్కువ వస్తుంది.

ఇక నేను తప్పిన లెక్క. రిమ్ము వెడల్పు కూడా మారితే ఆఫ్‌సెట్ తేడా ఒక్కటే చూస్తే సరిపోదు, ఎందుకంటే పెరిగిన వెడల్పు మధ్య గీతకి అటు సగం ఇటు సగం పంచుకుంటుంది. నాది 5.5జె నుంచి 7జె, అంటే ఒకటిన్నర అంగుళం పెరిగింది, 38 ఎంఎం. సగం చేస్తే 19. ఆఫ్‌సెట్ 45 నుంచి 35 కి తగ్గింది కాబట్టి 10 ఎంఎం బయటికి. బయటి వైపు 19 ప్లస్ 10, మొత్తం 29 ఎంఎం రిమ్ము అంచు బయటికి వచ్చింది. లోపలి వైపు 19 మైనస్ 10, ఇంకో 9 ఎంఎం లోపలికి కూడా వెళ్ళింది. అంటే నా కొత్త చక్రం రెండు వైపులా చోటు తినేసింది, నేనేమో కేవలం 10 ఎంఎం తేడానే కదా అనుకున్నా. కొత్త నంబరు పాతదానికంటే ఎక్కువైతే గుర్తులు తిరగబడతాయి, బయటి వైపు తీసివేత, లోపలి వైపు కూడిక. కాగితం మీద రాసుకుంటే రెండు నిమిషాల పని.

టైరుకి కూడా ఇదే లెక్క, కాకపోతే రిమ్ము అంచు బదులు టైరు పొట్ట చూడాలి, మడ్‌గార్డుకి తగిలేది అదే. టైరు మీద 195 అని రాసినా అది ఏ రిమ్ముకి ఎక్కించామన్న దాన్నిబట్టి మారుద్ది, రిమ్ము అర అంగుళం వెడల్పు పెరిగితే టైరు సుమారు 5 ఎంఎం విచ్చుకుంటుంది. నా టైరు పొట్ట అలా చూస్తే రెండు సెంటీమీటర్లకి పైగా బయటికి వచ్చింది. ఇక టైరు ఎత్తు సంగతి, చక్రం మొత్తం వ్యాసం పాతదానికి దగ్గరగా ఉండాలి, లేకపోతే స్పీడోమీటరు తప్పు చూపిస్తుంది. 185/65 ఆర్15 వ్యాసం 621 ఎంఎం పైచిలుకు, 195/55 ఆర్16 కూడా దాదాపు 621, అందుకే 15 నుంచి 16 కి వెళ్ళేవాళ్ళు ఎక్కువగా ఆ సైజుకే వెళ్తారు. 205/55 ఆర్16 అయితే 632 అవుద్ది, ఆ పది ఎంఎం కూడా ఫుల్ లోడులో తేడా తెస్తుంది.

చక్రం మరీ బయటికి వస్తే మడ్‌గార్డుకి తగలడం ఒక్కటే కాదు సమస్య. నీళ్ళ బిందె చంకన పెట్టుకుంటే వీధి చివరిదాకా మోస్తాం, అదే బిందె చెయ్యి చాపి పట్టుకోమంటే పది అడుగులు వెయ్యలేం, బరువు అంతే, దూరం మారింది. వీల్ బేరింగు పరిస్థితీ అదే, చక్రం మధ్య గీత బేరింగుకి దూరం జరిగేకొద్దీ అదే బరువు పొడుగాటి మీట (లివర్) చివర వేలాడినట్టు బేరింగు మీద ఎక్కువగా పడుద్ది, గుంతలో పడ్డప్పుడు ఆ దెబ్బ ఇంకా గట్టిగా తగులుద్ది. నాకు ఆ రిమ్ములమీద తిరిగిన ఏడాదిలోనే ముందు ఎడమ బేరింగు హూం మని మోత మొదలైంది. అది పూర్తిగా రిమ్ముల వల్లే అని నేను ఒట్టేసి చెప్పలేను, మన రోడ్లూ కారణమే, కానీ వాటా మాత్రం కచ్చితంగా ఉంది అనుకుంటున్నా.

స్టీరింగు మాట కూడా చెప్పాలి, ఇది చాలామంది పట్టించుకోని విషయం. స్టీరింగు తిప్పినప్పుడు చక్రం గాల్లో ఒక గీత చుట్టూ తిరుగుద్ది, స్ట్రట్ (చక్రం వెనకాల నిలువుగా ఉండే స్ప్రింగు, షాకబ్జార్బర్ గొట్టం) పైభాగం నుంచి కింద చక్రం తిరిగే కీలు, బాల్ జాయింట్ దాకా ఆ గీత గీసి అలాగే నేలదాకా లాగండి. అది నేలని తాకే చోటుకీ, టైరు నేలని తాకే చోటు మధ్యకీ ఉన్న దూరాన్ని స్క్రబ్ రేడియస్ అంటారు. కంపెనీవాళ్ళు ఈ దూరాన్ని చాలా ఆలోచించి పెడతారు. 1972లో వచ్చిన ఆడి 80లో కావాలనే ఆ గీత టైరు మధ్య కంటే బయట పడేలా చేశారు, ఒక పక్క చక్రాలు తడిమీద ఇంకో పక్కవి పొడిమీద ఉండగా బ్రేకు కొట్టినా బండి ఓ పక్కకి లాక్కుపోకుండా. ఇప్పుడు మనం ఈటీ 15 తగ్గించామంటే టైరు మధ్యభాగాన్ని అంతమేర బయటికి జరిపాం, వాళ్ళు లెక్కేసి పెట్టింది పోయినట్టే. చేతికి తెలిసేది ఏంటంటే గుంత తగిలితే స్టీరింగు చేతిలో గుంజుద్ది, లారీలు తిరిగి గాడి పడ్డ రోడ్డు మీద బండి గాడి వెంట పోతానంటుంది, బ్రేకు గట్టిగా కొడితే అటూ ఇటూ ఊగుద్ది. అలైన్‌మెంట్ ఎన్నిసార్లు చేయించినా ఇది పోదు, ఎందుకంటే తప్పు అలైన్‌మెంట్‌లో లేదు. వానాకాలం బురద మొత్తం డోర్ల మీదకి కొడుద్ది అనేది చిన్న బాధే గానీ రోజూ ఉండేది.

రెండో వైపు, చక్రం మరీ లోపలికి వెళ్తే టైరు స్ట్రట్‌కి రాసుకుంటుంది. ఇది బయటి రాపిడి కంటే ప్రమాదం అని నా అభిప్రాయం, ఎందుకంటే కనపడదు. టైరు లోపలి గోడ మెల్లగా అరుగుతూ ఉంటుంది, మనం బయట నిలబడి చూస్తే అంతా బావున్నట్టే ఉంటుంది. పల్చబడ్డ గోడ సంగతి ఎండాకాలం హైవే మీద టైరు పేలినప్పుడే తెలుస్తుంది.

అందుకే కొనేముందు మీ బండికి ఎటు ఎంత చోటుందో కొలుచుకోండి. బండిని చదునైన నేలమీద పెట్టి, మేస్త్రీలు గోడ నిలువు చూడటానికి వేలాడదీసే గుండు ఉంటుంది కదా, అలాంటిది దారానికి ఒక బరువు నట్టు కట్టి మడ్‌గార్డు లోపలి అంచు నుంచి వేలాడదీయండి. దారానికీ టైరు పొట్టకీ మధ్య ఎన్ని ఎంఎం ఉందో చూడండి. నాలుగు చక్రాలకీ చూడాలి, ముందూ వెనకా ఒకేలా ఉండదు, ఒక్కోసారి ఎడమకీ కుడికీ కూడా రెండు మూడు ఎంఎం తేడా ఉంటుంది. తర్వాత ఐదుగురిని కూర్చోబెట్టి డిక్కీలో నాలుగు బియ్యం బస్తాలు వేసి మళ్ళీ కొలవండి, మన బండ్లు పండక్కి ఊరెళ్ళేది అలాగే కదా, ఖాళీ బండికి కొలిచిన కొలత ఆ రోజు పనికిరాదు. దారం దగ్గర 20 ఎంఎం ఉంటే ఆ 20 మొత్తం వాడుకోకూడదు, గుంతలో చక్రం పైకి లేచినప్పటికి కనీసం ఎనిమిది పది ఎంఎం వదిలిపెడతా నేనైతే.

లోపలి వైపు స్ట్రట్‌కీ టైరుకీ మధ్య వేళ్ళు దూర్చి చూస్తే అంచనా వస్తుంది, సరిగ్గా కావాలంటే పిల్లలు ఆడుకునే బంకమట్టి ముద్ద పెట్టి నొక్కి తీసి దాని మందం కొలవండి. మన చిన్న కార్లలో ఎక్కువ భాగం ముందు వైపు మెక్‌ఫర్సన్ స్ట్రట్ ఉంటుంది, అందులో స్ట్రట్ కూడా చక్రంతోపాటే తిరుగుద్ది కాబట్టి స్టీరింగు ఎంత తిప్పినా ఆ గ్యాప్ మారదు. ఫుల్ లాక్‌లో చూడాల్సింది వేరే, లోపలి ప్లాస్టిక్ లైనర్, ఛాసిస్ అంచు, బ్రేకు గొట్టం. స్ట్రట్ దగ్గర కనీసం 5, 6 ఎంఎం మిగలాలి.

ఈ రెండు కొలతలూ చేతిలో ఉంటే రిమ్ము ఏది కావాలో మీరే షాపులో చెప్పొచ్చు. నా బండికి తర్వాత నేను ఎంచుకున్నది 6జె, ఈటీ42. వెడల్పు అర అంగుళం పెరిగింది, సగం 6 ఎంఎం చిల్లర, ఆఫ్‌సెట్ తేడా 3. బయటికి 9 ఎంఎం, లోపలికి 3. టైరు మళ్ళీ 185/65 ఆర్15 యే వేశా. చూడటానికి కాస్త నిండుగానే ఉంది, లోడులో ఎక్కడా తగల్లేదు, స్టీరింగు మళ్ళీ పాతలాగా అయింది. నన్నడిగితే ఆఫ్‌సెట్ తేడా 5 ఎంఎం లోపు ఉంటే, వెడల్పు అర అంగుళం మించకపోతే రోజువారీ బండికి భయం లేదు. 10 దగ్గరికి వస్తే పైన చెప్పినట్టు కొలిచాకే, 15 దాటితే ఎంత అందంగా ఉన్నా నేను వేయను, ఫ్యామిలీ తిరిగే బండికి అసలు వేయను.

స్పేసర్ల గురించి అడిగేవాళ్ళు ఎక్కువ. స్పేసరు అంటే హబ్బుకీ రిమ్ముకీ మధ్య పెట్టే బిళ్ళ, 10 ఎంఎం స్పేసరు పెడితే ఈటీ 10 తగ్గించినట్టే, పైన చెప్పిన లివర్ కష్టాలన్నీ దానికీ వర్తిస్తాయి. పైగా ఉత్త బిళ్ళ పెడితే స్టడ్డు, అంటే హబ్బు నుంచి బయటికి ఉండే నట్టు ఎక్కే బోల్టు, దాని పొడుగు అంతమేర బిళ్ళలోనే పోతుంది, నట్టు పట్టుకోడానికి మర తక్కువ మిగులుద్ది. 12 ఎంఎం స్టడ్డుకి నట్టు కనీసం 12 ఎంఎం మర ఎక్కాలి, 1.5 పిచ్ (ఒక చుట్టుకి నట్టు ఎన్ని ఎంఎం ముందుకెళ్తుందో అది) అయితే అది ఎనిమిది చుట్లు. చేత్తో తిప్పుతూ లెక్కపెట్టండి, నాలుగైదు చుట్లకే బిగుసుకుంటే ఆ బిళ్ళ తీసి పక్కన పెట్టేయండి. స్పేసరు అవసరం వచ్చిందంటే అసలు రిమ్ము ఎంపికే తప్పు అని నేననుకుంటా.

ఆఫ్‌సెట్ సరిపోయింది కదా అని మిగతావి వదిలేయొద్దు, గబగబా చెప్తా. పీసీడీ అంటే నట్ల రంధ్రాలు ఉన్న వృత్తం వ్యాసం. స్విఫ్ట్, ఐ20, హోండా సిటీ 4×100, ఫోర్డ్ ఫిగో, ఎకోస్పోర్ట్ 4×108, ఫియట్ పుంటో, లీనియా 4×98, పోలో 5×100, క్రెటా 5×114.3. 98కీ 100కీ రెండు ఎంఎం తేడానే కాబట్టి బలవంతంగా నట్లు ఎక్కేస్తాయి, ఎక్కాయి కదా అని తిరిగితే స్టడ్లు వంగి ఒకరోజు తెగుతాయి, ఎక్కడం వేరు కూర్చోవడం వేరు. మధ్య రంధ్రం సైజు కూడా చూడాలి, స్విఫ్ట్, ఐ20 హబ్బు 54.1 ఎంఎం, సిటీది 56.1, పోలోది 57.1. బజారులో దొరికే రిమ్ములకి అన్ని బండ్లకీ సరిపోవాలని 67, 73 ఎంఎం పెద్ద రంధ్రం పెడతారు, ఆ ఖాళీలోకి హబ్ రింగు వేయించుకోకపోతే రిమ్ము సరిగ్గా మధ్యలో కూర్చోదు, ఎనభై తొంభై స్పీడులో స్టీరింగు వణుకుద్ది, బ్యాలెన్సింగు ఎన్నిసార్లు చేయించినా తగ్గదు. రింగు చాలా చిన్న ఖర్చు, తప్పకుండా అడగండి.

నట్లు కూడా అంతే. సుజుకీ బండ్లకి మర 1.25 పిచ్, హ్యుందాయ్, హోండాలకి 1.5, ఒకదానివి ఇంకోదానికి గాలి గన్ పెట్టి బిగిస్తే మర మొత్తం పోతుంది. హోండా కంపెనీ అలాయ్‌లకి నట్టు అడుగు గుండ్రంగా బంతిలా ఉంటుంది, బయట కొనే అలాయ్‌లకి ఎక్కువగా కోనులా ఏటవాలుగా ఉండేవి కావాలి. పాత నట్లే సరిపోతాయిలే అంటే ఒప్పుకోవద్దు, నట్టు అడుగుని రిమ్ము గుంటలో పెట్టి చుట్టూ అంటుకుందా లేదా కళ్ళారా చూడండి.

రిమ్ము వెనకాల ఐఎస్ఐ గుర్తు ఉందా, లేదా జపాన్ స్టాండర్డ్ జేడబ్ల్యూఎల్, వీఐఏ అచ్చులు ఉన్నాయా చూడండి, మాక్స్ లోడ్ అని కేజీల్లో ఒక నంబరు ఉంటుంది, అది మీ బండి ముందు, వెనక యాక్సిళ్ళలో (చక్రాల జతల్లో) ఎక్కువ బరువు మోసేదాని ఫుల్ లోడులో సగం కంటే ఎక్కువ ఉండాలి. ఏ అచ్చూ లేని నున్నటి రిమ్ము చవగ్గా ఇస్తున్నా వద్దు. కొత్తవే కావాలని లేదు అనుకుంటే విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల కొత్త బండ్లనుంచి విప్పి అమ్మిన కంపెనీ రిమ్ములు దొరుకుతాయి, మీ మోడలు పై వేరియంట్‌దే దొరికితే ఆఫ్‌సెట్, పీసీడీ, హబ్బు అన్నీ కంపెనీ కొలతలే, నా ఓటు దానికే. వెల్డింగు చేసిన పగులు ఉందేమో మాత్రం లోపలి వైపు గోరుతో గీకి చూడండి.

చట్టం సంగతి కూడా తెలుసుకుని ఉండండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలో ఉన్న, కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడాగా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. అదే ఏడాది సవరణలో వచ్చిన 182ఏ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకి ఓనరుకి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పడొచ్చు. మడ్‌గార్డు దాటి బయటికి పొడుచుకొచ్చిన టైరు దూరం నుంచే కనపడుద్ది. కంపెనీ మాన్యువల్‌లో ఇచ్చిన సైజుల్లో ఉండటం అన్నిటికంటే నిశ్చింత, ఇన్సూరెన్సువాళ్ళకి కూడా అలాయ్స్ మార్చిన సంగతి రాసి పంపండి.

ఇక బిగించే రోజు. టైర్లు ఎక్కించకముందే ఒట్టి రిమ్ము ఒకటి ముందు చక్రానికి పెట్టి చేత్తో నట్లు బిగించి తిప్పి చూడమనండి. ఒకే ఆఫ్‌సెట్ ఉన్న రెండు డిజైన్లలో ఒకదాని స్పోకు బ్రేకు ప్యాడ్లు ఉండే కాలిపర్‌కి తగులుద్ది, ఇంకోదానిది తగలదు, స్పోకు వంపుని బట్టి ఉంటుంది అది, ఏ లెక్కా చెప్పలేదు. టైరు ఎక్కించాక షాపువాళ్ళు వెనక్కి తీసుకోరు కాబట్టి ఇది ముందే అయిపోవాలి. హబ్బు మీద తుప్పు ఉంటే బ్రష్ వేసి, నట్లు ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించి, చివర్లో టార్క్ రెంచితో (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపించే పానా) మాన్యువల్‌లో ఉన్న నంబరుకి బిగించమనండి, గన్‌తో టరటరా కొట్టేసి వదిలేస్తే స్టడ్లు సాగుతాయి. వంద కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ ఒకసారి టార్క్ చూపించండి, కొత్త రిమ్ము మీద నట్లు కాస్త సర్దుకుని వదులవడం మామూలే. ఆ వారంలోనే ఒకసారి ఫుల్ లోడుతో స్పీడ్ బ్రేకర్లు ఎక్కించి దించి, ఇంటికొచ్చి నాలుగు టైర్ల రెండు వైపులా చెయ్యి పెట్టి తడిమి చూడండి, ఎక్కడన్నా నున్నగా మెరిసిన గీత తగిలితే అక్కడ రాసుకుంటోందన్న మాట.

స్టెప్నీని మర్చిపోకండి, నాకు తెలిసినవాళ్ళలో చాలామంది మర్చిపోయింది ఇదే. డిక్కీలో ఉన్నది పాత ఇనుప రిమ్ము, దానికి పాత నట్లే కావాలి, అలాయ్ కోసం కొన్న కోను నట్లు దానిమీద సరిగ్గా కూర్చోకపోవచ్చు. పాత నట్లు ఒక సెట్టు చిన్న సంచిలో వేసి స్టెప్నీ పక్కనే పెట్టేయండి, కొత్త నట్లకి పానా సైజు మారి ఉంటే ఆ పానా కూడా. ఇంటి దగ్గర తీరిక ఉన్న రోజు ఒకసారి స్టెప్నీ బిగించి విప్పి చూసుకోండి, అర్ధరాత్రి రోడ్డు పక్కన పానా పట్టకపోతే అక్కడ చేయగలిగింది ఏమీ ఉండదు.